ఈదమ్మ చిటికెనవేలు

ఫోనులో ఛార్జింగు నాలుగు శాతానికి దిగింది. తీగ గుచ్చే చోటు ఆ ముందుగదిలో ఒక్క గోడకే ఉంది. సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు పంపిన కమిషనర్ గారి బండి ఎంతదూరం వచ్చిందో తెలియాలంటే ఫోను పనిచేయాలి. అందుకని, కేవలం అందుకని, హుమేరా కుర్చీలోంచి లేచి, వచ్చినప్పటి నుంచి కన్నెత్తి చూడని ఆ గోడవైపు తిరిగింది. తీగ గుచ్చిన చేతిని వెనక్కి తీసుకోబోతూ జానెడు పైనున్న దేవుడి గూటిలోకి చూసింది. చూసిన చూపు అక్కడే ఉండిపోయింది. గూటిలో దీపపు కుంది, రెండు బంతిపూలు, నిన్నటి కొబ్బరిచిప్ప, వాటి నడుమ పసుపు పూసి కుంకుమ దిద్ది నిలబెట్టిన ఒక కొయ్యచెయ్యి. మణికట్టు దగ్గర మగ్గానికి బిగించే గాడి, అరచేతిలో దారం జారే సన్నని కాలువ, ముందుకు వంగిన నాలుగు వేళ్ళు. అయిదోది, చిటికెనవేలు, ఆ నాలుగింటితో కలవకుండా నడిమి కణుపు దగ్గర బయటికి విరిగినట్టు వంగి ఉంది. ఆ వంపును ఆమె ఎరుగును. ఏడాదికి పైగా, కళ్ళు మూసుకున్నా కాగితం మీద గీయగలిగినంతగా ఎరుగును.

పేటెంటు పత్రంలో మూడో బొమ్మ అది. కోయంబత్తూరు కంపెనీవారి కుప్పడం యంత్రానికి ప్రాణమైన ఉక్కు కొక్కెం. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. పోగు విసిరిన ప్రతిసారీ నూలుదారం వెళ్ళి పట్టుదారాన్ని కౌగిలించుకొని తన దారిన తాను వెనక్కి రావాలి. ఆ కౌగిలికే కుప్పడమని పేరు. దాన్ని కలపడానికి నేసేవాడికి ఆవలివైపు ఇంకొక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి అక్కరలేకుండా, నేతగాడొక్కడే నేసుకునేలా ఎనిమిదేళ్ళ కిందట తామే మొట్టమొదట ఒక పెట్టెను కనిపెట్టామని కంపెనీ పేటెంటు తెచ్చుకుంది. ఆ పెట్టెలోని కొక్కేనికి పక్కన ఏ దారాన్నీ పట్టని, ఏ పనీ చేయని చిన్న వంపొకటి ఉంది. ఇదెందుకని హుమేరా వారి ఇంజనీరును ఒకసారి అడిగింది. ‘అందానికి మేడమ్’ అని అతడు నవ్వాడు. అందానికి ధర కట్టే గడి, కంపెనీ నష్టం లెక్కకట్టే తన పట్టికలో లేదు గనుక ఆమె ఆ మాటను అక్కడితో వదిలేసింది. ఇప్పుడా అందం పసుపు పూసుకొని, కళ్ళకెదురుగా, తన నుదుటి ఎత్తున నిలబడి ఉంది.

“ఏంది బిడ్డా, గట్లనే నిలవడ్డవ్? కరెంటు కొట్టిందా?” మంచినీళ్ళ గ్లాసుతో లోపలినుంచి వచ్చిన లలితమ్మ గడపలోనే ఆగిపోయింది. ఆ ఇంటి యజమాని, ఇవాళ సాక్ష్యం చెప్పవలసిన గోపాల్‌కు ఆమె భార్య.

“లేదు పెద్దమ్మా. గూట్లో... అదేంది?”

“గదా? గది మా అత్త చెయ్యి.” లలితమ్మ చెంపలు వేసుకున్నది. “మా అత్త ఈదమ్మ మగ్గానికి ఆ దిక్కు కూసొని అంచు కలిపేది. ఆమె పోయినంక, గా పీటమీద ఇంకొకర్ని కూసోవెట్టనని మా మామ మద్దిలేటి మొండికేసిండు. తునికికట్టె తెచ్చి ఆమె చెయ్యే చెక్కి మగ్గానికి కట్టిండు. చిన్నప్పుడు రోకలి వడి ఆమెకు చిటికెనేలు గట్ల వంకర వోయిందంట. ముసలోడు గదిగూడ చెక్కిండు. ఏ పనికి రాదు గా వంకర.”

“మరి ఆ చెయ్యి... పని చేసేదా?”

“చేసేదా అంటవేంది! ఇరవై ఏండ్లు చేసింది. మా గల్లీల ముప్పై ఒక్క మగ్గాలకు గిసొంటియే చెక్కిచ్చిండు. పైస తీసుకోలే.”

లోపలి గదిలో మగ్గం చప్పుడు ఆగింది. “ఏమంటున్నదే గా పిల్ల?” అని గోపాల్ గొంతు.

“గూట్ల చెయ్యి సంగతి అడుగుతున్నది.”

“దండం పెట్టుకొమ్మను. కేసు గెలుస్తది!” ముసలాయన నవ్వు, ఆ వెంటనే మళ్ళీ మగ్గం చప్పుడు.

హుమేరా కూర్చున్నది. కూర్చున్నానని ఆమెకు తర్వాత తెలిసింది. గ్లాసు చేతిలో ఉంది, నీళ్ళు తాగిందో లేదో తెలియదు. నలభై ఒకటో పేరా. కోయంబత్తూరు కంపెనీ తరఫున తాను కోర్టుకు రాసిచ్చిన నూట పన్నెండు పేజీల నివేదికలో నలభై ఒకటో పేరా మూడే వాక్యాలు. అందులో నడిమి వాక్యం: ‘ఈ యంత్రం మార్కెట్లోకి రాకముందు ఆ పనికి చేనేతవారి వద్ద మరే ప్రత్యామ్నాయమూ లేదు.’ ఆ వాక్యం మీదనే తక్కినదంతా నిలబడి ఉంది. పేటెంటు ఉల్లంఘన జరగకపోయి ఉంటే లోకం ఎలా ఉండేదో ఆ లోకాన్ని ముందు కట్టాలి. జరిగిన లోకం పక్కన దాన్ని నిలబెట్టాలి. రెండింటి నడుమ తేడాను రూపాయల్లో చెప్పాలి. అదే ఆమె వృత్తి. వనపర్తి కంపెనీ ఆ యంత్రాన్ని అనుకరించి నాలుగేళ్ళలో అమ్మిన ప్రతి పెట్టె, అది లేని లోకంలో కోయంబత్తూరు పెట్టెగానే అమ్ముడుపోయేదని ఆమె రాసింది. ఎందుకంటే నేతగాడికి వేరే దారి లేదు. వేరే దారి లేదు గనుక నష్టం పదకొండు కోట్ల నలభై లక్షలు. దారి ఉంటే? ఆ లోకంలో ముప్పై ఒక్క మగ్గాల మీద ముప్పై ఒక్క కొయ్యచేతులు కదులుతున్నాయి. తాను ఎంతో ఒద్దికగా కట్టిన ఆ జరగని లోకంలో ఒక వీధికి వీధే లేకుండా పోయింది.

కాని తాను అడిగింది కదా! రెండువందల పద్నాలుగు ఇళ్ళు తిరిగింది. గద్వాల, ఐజ, రాజోలి, గట్టు. ఎండలో, ముసురులో, గోతిమగ్గాల అంచున గొంతుకూర్చుని, ప్రతి ఇంటిలో ఇరవై రెండు ప్రశ్నలు అడిగింది. తొమ్మిదో ప్రశ్న: ‘ఇంతకుముందు ఈ పనికి వేరే పనిముట్టు ఏదైనా వాడేవారా?’ రెండువందల పద్నాలుగు ‘లేదు’లు. అబద్ధమాడే మనుషులు కారు వీళ్ళు. ఈ గోపాలే, ఈ గదిలోనే, నిరుడు మాఘమాసంలో, ఇదే కుర్చీలో తాను కూర్చుని ఉండగా, ‘లేదు బిడ్డా, యాడిది’ అన్నాడు. అన్నప్పుడు ఈ చెయ్యి అతడికి ఎదురుగా ఉంది. తనకు పక్కన ఉంది. తాను చూడలేదు. ఇక్కడే కాదు, ఏ ఇంట్లోనూ చూడలేదు. మగ్గం కొలత రాసుకుంది, కిటికీలు లెక్కపెట్టింది, నూలు ఏ మిల్లుదో చీటీ తిప్పి చూసింది, వంటగదిలో గ్యాసు పొయ్యి ఉందో లేదో కూడా గుర్తించింది. రెండువందల పద్నాలుగు ఇళ్ళలో ఆమె చూడనిది ఒక్క దేవుడి గూడే.

చూడొద్దని నేర్పింది నాయనమ్మ మెహబూబీ. కల్వకుర్తిలో గాజుల మెహబూబీ అంటే తెలియని ఇల్లు లేదు. గాజుల మలారం భుజాన వేసుకొని ఆమె ఏ కులం ఇంటికైనా నేరుగా లోపలి గదిదాకా పోయేది. బాలింత మంచం పక్కన కూర్చునేది, పెండ్లికూతురి చెయ్యి ఒళ్ళో పెట్టుకునేది. సెలవుల్లో వెంటవచ్చే మనుమరాలికి గడప దాటకముందే చెప్పేది: “బేటీ, మనల్ని ఇంట్ల కడుపుదాంక రానిస్తున్నరు. గా దేవుని గూడు దిక్కు చెప్పులు విడవొద్దు, వీపు వెట్టొద్దు, గుచ్చి గుచ్చి చూడొద్దు. గది ఆళ్ళది. పక్కకు కూసో, మెడ తిప్పకు.” పక్కకు కూర్చోవడం, మెడ తిప్పకపోవడం. ముప్పై ఏళ్ళుగా ఆ మెడకు అది అలవాటు. తెలకపల్లి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడైన నాన్న ముదస్సిర్ సారు పరీక్షల్లో కాపలా ఉన్నప్పుడు అనేదీ అదే మాట. ‘మెడ తిప్పొద్దు.’ కాని ఆయనే, పద్యం చెప్పే రోజున, వేరే సంగతి చెప్పేవాడు. మనిషి చేసిన పనికి సూర్యుడు సాక్షి, చంద్రుడు సాక్షి, గాలి, నిప్పు, నేల, నీరు సాక్షులు, పగలు, రాత్రి, రెండు సంధ్యలు సాక్షులు అని పెద్దలు చెప్పిన వరుస వేళ్ళమీద లెక్కించి, చివర తన మెడను తడుముకునేవాడు: ‘వీటన్నిటికంటె దగ్గరి సాక్షి ఇదిరా. ఎటు తిరిగిందో, ఎటు తిరగనన్నదో దీనికి తెలుసు.’ పిల్లలు నవ్వేవారు. తానూ నవ్వింది.

ఫోను వెలిగింది. ‘పెబ్బేరు దాటాము.’ కోయంబత్తూరు కంపెనీ వకీలు పంపిన కబురు. వనపర్తి అతిథిగృహంలో రాత్రి బసచేసిన కమిషనర్ కురుమూర్తి గారు, పదవీ విరమణ చేసిన జడ్జి, గోపాల్ మోకాళ్ళు మడతపడవు గనుక కోర్టు తరఫున తానే సాక్షి ఇంటికి వస్తున్నారు. రెండు కంపెనీల వకీళ్ళు ఆయన వెంట ఉన్నారు. పెబ్బేరు తర్వాత బీచుపల్లి వంతెన, ఆపైన ఎర్రవల్లి చౌరస్తా, ఆపైన గద్వాల. ముప్పావుగంట. ముప్పావుగంటలో ఏం చేయాలి? మౌనంగా ఉండాలా? ఉండవచ్చు. ఎవరికి తెలుస్తుంది? వనపర్తి వకీలు ఈ గదిలో కూర్చున్నా గూటిలోకి చూడడు. చూసినా దేవుడే కనిపిస్తాడు, పసుపు అంత మందంగా ఉంది. మూడో బొమ్మను తనంతగా ఎరిగినవాళ్ళు ఇక్కడికి వచ్చేవారిలో లేరు. ఆ ఆలోచన తనలోంచే వచ్చిందని గుర్తించగానే హుమేరాకు మొదటి అదురుకంటె పెద్ద అదురు పుట్టింది. ఎంత సులువుగా వచ్చింది! తలుపు తట్టకుండా వచ్చింది.

లలితమ్మ టీ తెచ్చి, తానూ గడప మీద చతికిలబడింది. “మరి ఇరవై ఏండ్లు నడిచినదాన్ని ఎందుకు తీసిన్రు పెద్దమ్మా?” అని హుమేరా అడిగింది.

“చేసినోడు కండ్లు మూసినంక ఆయన చేసిన సామాను పనికి పెట్టరు మా దాంట్ల. గూట్లకు పోతది. పన్నెండేండ్లైతున్నది మామ పోయి. పదకొండో దినాన గల్లీ గల్లీ అంత ఒక్కపాలి మగ్గాలకెల్లి చేతులు ఇప్పి, కడిగి, గూళ్ళల్ల పెట్టిన్రు. ఆ పొద్దు ఒక్క మగ్గం మోగలే.” లలితమ్మ టీ ఊదుకుంది. “ఆవల మల్ల తిప్పలే. పోరగాండ్లు పీటమీద కూసుంటరా? ఫోన్లు వట్టుకొని కూసుంటరు. గందుకే గా డబ్బ వచ్చినప్పుడు అందరు ఎగవడి కొన్నరు.”

“నేను నిరుడు వచ్చి అడిగిన గద పెద్దమ్మా, ముందుగాల వేరే పనిముట్టు ఉండెనా అని. గోపాల్ కాక లేదన్నడు.”

“మరి లేదు గద?” లలితమ్మ నిజంగానే తెల్లబోయింది. “పనిముట్టు ఏడున్నది? గూట్లకు పోయినంక గది దేవుడాయె. దేవుణ్ణి పట్టుకొని సామాను అంటరా ఎవరన్న? నాలుక వుండాలె గద నోట్ల!”

ముప్పై ఒక్క గూళ్ళు. ఆ వీధిలో ప్రతి ఇంటా అడిగింది. ప్రతి ఇంటా వారు నిజమే చెప్పారు. వారి భక్తి ఒకటి, తన మర్యాద ఒకటి, రెండూ చెరొకవైపు నుంచి వచ్చి కుప్పడంలా ఒకదాన్నొకటి కౌగిలించుకొని ఒక అబద్ధాన్ని నేశాయి. అది ఇప్పుడు కోర్టు ముద్రతో, తన సంతకంతో ఉంది. నాగర్‌కర్నూలులో మందులషాపు మీది చిన్న గదిలో బోర్డు పెట్టుకున్న కాస్ట్ అకౌంటెంటునైన తనను కోయంబత్తూరువారు వెతుక్కుంటూ వచ్చింది ఎందుకు? ‘అక్కడి మనుషులు మీకు తెలుసు కదా మేడమ్’ అన్నారు. తెలుసుననే తానూ అనుకుంది.

ఉండు. తొందరపడకు. నివేదిక నిలిచే దారి ఉంది. ప్రత్యామ్నాయం ఉంటే చాలదు, అది కొనేవాడు ఒప్పుకునేది కావాలి. నష్టం లెక్కకట్టే శాస్త్రంలో అది ముఖ్యమైన మాట. ఈ చెయ్యి ఉంది, కాని దాన్ని వాడడానికి ఒక్క నేతగాడూ ఒప్పుకోడు. పన్నెండేళ్ళుగా ఒప్పుకోలేదు. కాబట్టి అది ఆమోదయోగ్యమైన ప్రత్యామ్నాయం కాదు. కాబట్టి నలభై ఒకటో పేరా తప్పు కాదు. అక్షరం మార్చనవసరం లేదు. అడిగితే అప్పుడు చెప్పుకోవచ్చు. హుమేరా గుండె కాస్త కుదుటపడబోయింది. పడబోతూ ఉండగానే నాన్న గొంతు వినిపించింది, సుద్దముక్క బల్లమీద కొట్టుకుంటూ. పద్యం రాసుకొచ్చిన పిల్లవాడిని నిలబెట్టి, ‘ఇక్కడ ఈ మాట ఎందుకొచ్చిందిరా? అర్థం కోసం వచ్చిందా, గణం కోసం వచ్చిందా?’ పాదం నిండడానికి తెచ్చి పెట్టిన మాట చెవికి తెలిసిపోతుందనేవాడు. గణాలన్నీ సరిపోతాయి, యతి కూడా కుదురుతుంది, అయినా పద్యం ఆ చోట బోలుగా మోగుతుంది. తన తర్కం అలా మోగింది. అంతా సరిపోయింది. బోలుగా మోగింది. ఎందుకంటే ఆ చిటికెనవేలు ఉంది. ఎవరికీ అక్కరలేని చెయ్యి అయితే, దాని వంకరవేలు కోయంబత్తూరు బొమ్మలోకి ఎలా నడిచిపోయింది?

‘బీచుపల్లి వంతెన మీద ఉన్నాము. లారీ ఆగిపోయింది. పది నిమిషాలు ఆలస్యం.’

“పెద్దమ్మా, ఈ చెయ్యిని బయటోళ్ళు ఎవరన్న చూసిన్రా? ఎప్పుడన్న?”

“చూసుడేంది, ఫోటో గూడ దిగిన్రు. ఒక అరవ సారు వచ్చె, తొమ్మిదేండ్లు అయితదేమో. మా మామ తద్దినం ముందట. మస్తు భక్తిపరుడు. మోకాళ్ళమీద కూసోని మొక్కిండు. పళ్ళెంల నూటపదార్లు వెట్టిండు. ‘అమ్మా, ఈ దేవునికి వెండి తొడుగు చేయిస్తా’ అన్నడు. తొడుగు కుదరాలె గద, గందుకని దారం వెట్టి, స్కేలు వెట్టి, ఏలు ఏలుకు కొలతలు తీసుకున్నడు. ఒక పూటంత కూసున్నడు పాపం. బువ్వ గూడ పెట్టిన.”

“తొడుగు వచ్చిందా?”

“ఇంక రాలే.” లలితమ్మ గూటివైపు చూసింది. ఆ చూపులో ఏ ఫిర్యాదూ లేదు. “దేవుని మొక్కు. ఎప్పటికన్న చేయిస్తడు. యాడ పరేషాన్ల ఉన్నడో ఏమో.”

హుమేరా టీగ్లాసు కింద పెట్టింది. వేలు వేలుకూ కొలతలు. వెండి తొడుగు కాదు, ఉక్కు తొడుగు చేయించాడు. చేయించి, దానికి తన పేరు పెట్టుకొని, తానే కన్నానని కోర్టుకు చెప్పుకొని, అందులో పనికిరాని వంపొకటి ఉందే, దాన్ని మాత్రం తీయలేకపోయాడు. ఎందుకు తీయలేదు? అది దేనికో ఉపయోగమని భయపడ్డాడా? లేక మోకాళ్ళమీద కూర్చుని మొక్కినది నిజంగానే మొక్కాడా? మనిషి ఒకేసారి మొక్కనూ గలడు, దొంగిలించనూ గలడా? నిజం చెప్పాలంటే తన వద్ద రుజువు లేదు. అరవ సారెవరో, కంపెనీ మనిషో కాదో ఈ ముసలమ్మకు తెలియదు. వేలు ఒక్కటే ఉంది. రోకలి పడి విరిగిన ఒక పిల్ల చిటికెనవేలు.

వనపర్తిలో నవీన్ గుర్తుకొచ్చాడు. లెక్కలు చూడడానికి పోయినప్పుడు, పాలిటెక్నిక్ చదువుతో రేకులషెడ్డులో కంపెనీ పెట్టిన ఆ కుర్రాడు, నలభై ఇద్దరు మనుషులు పనిచేస్తున్న ఆ మోత నడుమ, తన పెట్టెను విప్పి చూపించాడు. దాచుకోలేదు. “ఆళ్ళ డబ్బ చూసే జేసినం మేడమ్, అబద్ధమెందుకు. ఆళ్ళది కొననీకె మా నేతోళ్ళకు పానం పోతుండె. ఇప్పుడు మాయి ఎంతకు కట్టిన్రు మేడమ్ పానాలు?” అని నవ్వాడు. తస్లీమ్ అనే అమ్మాయి బల్లమీద కొక్కేలకు ఆకురాయి పడుతోంది. పక్క వంపు దగ్గరికి వచ్చేసరికి ఆమె రాయి మార్చి, సన్నరాయితో నిమిరినట్టు నిమురుతోంది. ‘ఇదెందుకు పెట్టారు?’ అని అడిగితే నవీన్ తల గోక్కున్నాడు. “తెల్వదు మేడమ్. తీసేసినా నడుస్తది. తీయబుద్ధి కాలే.” ఆ మాటను ఆమె నివేదికలో యథాతథ అనుకరణకు తిరుగులేని నిదర్శనంగా రాసింది. ఇద్దరూ తీయలేదు. పోట్లాడుకుంటున్న రెండు కంపెనీలూ, ఒకరి నష్టాన్ని ఒకరిమీద మోపుకుంటూ, ఎవరో తెలియని ఈదమ్మ వేలిని పట్టుకొని మూడేళ్ళుగా లాగుతున్నాయి. తాను ఆ వేలికి పదకొండు కోట్ల నలభై లక్షలు కట్టి, అది ఒక కంపెనీదని సంతకం చేసింది. ఆ సంతకం చెల్లితే రేకులషెడ్డుకు తాళం పడుతుంది, తస్లీమ్ సన్నరాయి బల్లమీద ఉండిపోతుంది. చెల్లకపోతే తన బోర్డు దిగిపోతుంది. సొంత నివేదికను సొంత నోటితో పడగొట్టిన మనిషికి మళ్ళీ ఎవరు పని ఇస్తారు?

ఆ శాస్త్రంలోనే ఇంకొక ఊహ ఉంది. ఎవరి నష్టం ఎంతో తేలనప్పుడు, కనిపెట్టినవాణ్ణీ వాడుకోదలచినవాణ్ణీ ఎదురెదురుగా ఒక బల్లదగ్గర కూర్చోబెట్టినట్టు ఊహించాలి. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకునే రుసుము ఎంతయి ఉండేదో, అది లెక్కకట్టాలి. హుమేరా తన ప్రమేయం లేకుండానే ఆ బల్ల వేసింది. ఒకవైపు కంపెనీ మనిషి, లాప్‌టాప్, పల్చని కళ్ళద్దాలు. ఆవలివైపు కుర్చీలో తాను ఎన్నడూ చూడని మద్దిలేటి, నడుముకు ధోవతి, చెవిలో పోగు. చెప్పు తాతా, ఒక్కో చేతికి ఎంత తీసుకుంటావు? ముసలాయన అర్థంకానట్టు చూస్తున్నాడు. నా భార్య కూసునే పీట ఖాళీ అయితే అది నిండనీకె చెక్కిన. దానికి నేను ఎవరి దగ్గర ఏం తీసుకోవాలె? గల్లీల ముప్పై ఒక్కమంది అడిగితే ఇచ్చిన. ఆళ్ళ ఇండ్లల్ల గూడ ఆమె కూసుంటదని. ఆ గడిలో ఏ అంకె వేయాలి? సున్నా వేస్తే అది అబద్ధం. ఏ అంకె వేసినా అబద్ధమే. అంకె లేకపోవడం విలువ లేకపోవడం కాదని ఇన్నేళ్ళ చదువులో తనకెవరూ చెప్పలేదు. బహుశా ఆ అరవ సారుకు తెలిసి ఉండవచ్చు. అందుకే మోకాళ్ళమీద కూర్చున్నాడేమో. అందుకే తిరిగి రాలేకపోయాడేమో.

వీధిలో బండి తలుపులు మూసిన చప్పుడు. మగ్గం ఆగింది. గోపాల్ ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, గోడ పట్టుకొని నడిచి వచ్చాడు. కమిషనర్ కురుమూర్తి గారు లోపలికి వస్తూనే గూటిని చూసి అలవాటుగా చేతులు జోడించి, అలవాటుగానే ముందుకు సాగిపోయి కుర్చీలో కూర్చున్నారు. చూశారు. చూడలేదు. వకీళ్ళు ఇద్దరూ కాగితాలు పరిచారు. లలితమ్మ కొత్త గ్లాసులు కడుగుతోంది. ప్రమాణం అయింది. నేసేది ఎన్నేళ్ళుగా, ఎన్ని మగ్గాలు, పెట్టె ఎప్పుడు కొన్నారు. గోపాల్ ఒక్కొక్కటికీ నిదానంగా జవాబు చెబుతున్నాడు. వనపర్తి వకీలు నడుమ ఒకసారి పేజీ తిప్పాడు. నివేదికలో నలభై ఒకటో పేరా ఉన్న పేజీ అతడి ముందే తెరిచి ఉంది. కోయంబత్తూరు వకీలు హుమేరావైపు చూసి చిన్నగా తలూపి, ఆమె రాసిన కాగితంలోంచి, ఆమె రాసిన మాటలతోనే అడిగాడు.

“ఇంతకుముందు ఈ పనికి వేరే పనిముట్టు ఏదైనా వాడేవారా?”

గోపాల్ చేతులు వాటంతట అవే గూటివైపు తిరిగి జోడుపడ్డాయి. “లేదు సార్. యాడిది?”

“లేదు అని రాసుకోండి” అన్నాడు వకీలు.

కమిషనర్ గారి పక్కన టైపు చేస్తున్న గుమాస్తా వేళ్ళు కదిలాయి. ఆ రెండక్షరాలు పడేలోగా ఎంత కాలం ఉంటుందో అంత కాలంలో హుమేరా నిలబడింది. నిలబడాలని నిర్ణయించుకున్నట్టు ఆమెకు గుర్తులేదు. నివేదిక చివరి పేజీలో, తన పేరు పైన, అన్నిచోట్లా అచ్చువేసే ఆ వాక్యం, ఎన్నడూ ఆగి చదవని వాక్యం, నా మొదటి బాధ్యత న్యాయస్థానానికే అన్నది, నాలుక మీదికి వచ్చింది.

“ఆగండి సార్. ఆ ప్రశ్న నాది. ప్రశ్న తప్పు.”

“మేడమ్!” కంపెనీ వకీలు సగం లేచాడు. “మీరు మా తరఫున వచ్చారు.”

“తెలుసు సార్.” హుమేరా గూటివైపు చెయ్యి చూపింది. “నలభై ఒకటో పేరా నేను రాసింది. దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో ఆ గోడకు ఉంది. పేటెంటులో మూడో బొమ్మ తీసి, పక్కన పెట్టి చూడండి. చిటికెనవేలు చూడండి.”

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఈసారి చేతులు జోడించకుండా గూటిలోకి చూశారు. చాలాసేపు చూశారు. వనపర్తి వకీలు కాగితాల్లో మూడో బొమ్మకోసం వెతుకుతుంటే ఒక్కొక్క పేజీ తిరిగే చప్పుడు వినబడుతోంది. తడిచేతులతో గడపలోకి వచ్చి నిలబడిన లలితమ్మకు ఏం జరిగిందో అర్థం కాలేదు.

“వెండి తొడుగు తెచ్చిన్రా ఏంది?” అని అడిగింది.

గోపాల్ జోడించిన చేతులు దించకుండానే హుమేరావైపు తిరిగాడు. నిరుడు మాఘంనుంచి, ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆ కుర్చీని కాస్త పక్కకు జరుపుకొని ఆమె ఎందుకు కూర్చుంటుందో అతడికి తెలిసే ఉన్నట్టుంది.

“ఇన్నిదినాలు గటు మొఖం తిప్పకుంట కూసున్నవు గద బిడ్డా. ఇయ్యాల చూసినవా?”

“చూసిన కాకా” అన్నది హుమేరా. మెడ ఇంకా అటే తిరిగి ఉంది.